దివ్యాంగ విద్యార్థులు, సహాయక పరికరములు, వానిని నడుపు మనుషులు

అనంతపురం ప్రాంతపు రైతులకు ఒక సంగతి బాగుగా తెలియును. బోరు వేయించి, మోటారు దింపి, గొట్టములు బిగించినంత మాత్రమున చేనికి నీరు పారదు. మోటారు కాలిపోయినప్పుడు వైండింగు చేయువాడు దగ్గరలో ఉండవలెను. స్టార్టరు పెట్టెలో ఏ తీగ ఎక్కడికి పోవునో ఎరిగినవాడు ఉండవలెను. ఏ మడికి ఎంతసేపు నీరు విడువవలెనో చూచువాడు ఉండవలెను. ఈ మనుషులు లేనిచోట విలువైన యంత్రము ఇనుపముద్దగా మిగిలిపోవును. సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ పీఠభూమిలో అట్టి నష్టము ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు.

కళాశాలలలో దివ్యాంగ విద్యార్థుల కొరకు కొను పరికరముల సంగతియు ఇట్టిదే. కంప్యూటరు కొనుట ఒక దినపు పని. దానిని ఒక విద్యార్థి చదువుకు పనికివచ్చునట్లు చేయుట ఏడాది పొడుగునా సాగు పని. ఆ పని ఎవరు చేయవలెను, వారికి ఏమి తెలిసియుండవలెను, ఎందరు కావలెను అను ప్రశ్నలను ఈ వ్యాసములో పరిశీలింతము. అందుకు ముందుగా ఆ పరికరములు పనిచేయు తీరును కొంత తెలిసికొనుట అవసరము.

ఆరు చుక్కల లిపి

చూపు లేనివారు వ్రేలికొనలతో చదువు లిపిని ఫ్రాన్సు దేశస్థుడైన లూయీ బ్రెయిలీ (1809-1852) తన పదునైదవ ఏట, 1824లో రూపొందించెను. నిలువుగా మూడు, ప్రక్కన మరి మూడు, మొత్తము ఆరు చుక్కలు ఒక గడి. ఎడమ వరుసలో పైనుండి క్రిందికి 1, 2, 3. కుడి వరుసలో 4, 5, 6 అని వాటికి సంఖ్యలు. ప్రతి చుక్కయు ఉబ్బియుండవచ్చును, ఉబ్బక పోవచ్చును. కనుక ఆరు చుక్కలతో 64 విధములైన గడులు ఏర్పడును. వానిలో ఒకటి ఖాళీ గడి. మిగిలిన 63 గడులతోనే అక్షరములు, అంకెలు, విరామ చిహ్నములు అన్నియు వ్రాయవలెను.

భారతీయ భాషలకు ఉమ్మడిగా 1951లో భారతీ బ్రెయిలీ ఏర్పడినది. దీనిలో అక్షరపు ఆకారమునకు కాక ధ్వనికి ప్రాధాన్యము. 'క' ధ్వనికి తెలుగులోను, హిందీలోను, తమిళములోను 1, 3 చుక్కల గడియే. 'వాన' అను మాటను తీసికొందము. 'వ'కు 1, 2, 3, 6 చుక్కలు. దీర్ఘమునకు 3, 4, 5 చుక్కలు. 'న'కు 1, 3, 4, 5 చుక్కలు. అచ్చులో రెండక్షరములైన ఈ మాట బ్రెయిలీలో మూడు గడులు పట్టును. మన లిపిలో క్రిందికి దిగు వత్తులు బ్రెయిలీలో లేవు. 'క్త' వ్రాయవలెనన్న ముందు 4వ చుక్క మాత్రము గల గడి, పిమ్మట 'క', ఆ తరువాత 'త' వ్రాయుదురు.

ఒక పెద్ద బ్రెయిలీ పుటలో వరుసకు 40 గడుల చొప్పున 25 వరుసలు, అనగా 1000 గడులు పట్టునని అనుకొందము. అచ్చు పుటలోని విషయమునకు 2000 గడులు కావలసి వచ్చినచో 300 పుటల పాఠ్యగ్రంథము 600 బ్రెయిలీ పుటలగును. డిగ్రీ విద్యార్థి పుస్తకములన్నియు ఇట్లు అచ్చువేసినచో ఒక బీరువా చాలదు. అందుచేతనే నేడు సన్నని సూదులు పైకి లేచి దిగుచు చుక్కలను ఏర్పరచు విద్యుత్ బ్రెయిలీ పలకలు, మాటలాడు కంప్యూటర్లు వాడుకలోనికి వచ్చినవి. అయినను బ్రెయిలీకి కాలము చెల్లలేదు. వర్ణక్రమము నేర్చుటకు, గణితమున ఒక సమీకరణమును పదేపదే తడవి చూచుటకు చెవికన్న వ్రేలే మేలు. గణితము కొరకు అంధుడైన గణిత శాస్త్రజ్ఞుడు ఏబ్రహాం నెమెత్ 1952లో ప్రకటించిన సంకేతములు ప్రసిద్ధములు.

మాటలాడు కంప్యూటరు

తెరపైనున్న అక్షరములను చదివి వినిపించు ప్రోగ్రామును 'స్క్రీన్ రీడర్' అందురు. ఇట్టివానిలో 'ఎన్.వి.డి.ఎ.' అనునది ఉచితముగా లభించును. దీనిని ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ 2006లో ప్రారంభించగా జేమ్స్ టే ఆయనతో చేరెను. ఇరువురును చూపు లేనివారే. తమకు కావలసిన సాధనమును తామే నిర్మించుకొనిరి.

కంప్యూటరుకు అక్షరములు తెలియవు, సంఖ్యలే తెలియును. యూనికోడ్ అను ప్రపంచ ప్రమాణములో తెలుగు లిపికి 3072 నుండి 3199 వరకు 128 స్థానములు కేటాయింపబడినవి. అందు 'అ' 3077, 'క' 3093. స్క్రీన్ రీడర్ ఈ సంఖ్యలను చూచి, వాటికి తగిన ధ్వనిని పుట్టించును. ఇంతవరకు సులభమే.

చిక్కు మరియొక చోట ఉన్నది. మన తెలుగు పుస్తకములలో అనేకము యూనికోడ్‌కు పూర్వపు పద్ధతి అక్షరములతో కూర్చబడినవి. ఆ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరముల, గుర్తుల స్థానములలో తెలుగు అక్షరముల బొమ్మలను అమర్చిరి. కంటికి 'కళాశాల' అని కనబడుచుండును. లోపల ఉన్నది మాత్రము అర్థములేని ఇంగ్లీషు అక్షరముల వరుస. స్క్రీన్ రీడర్ లోపల ఉన్నదానినే చదువును. పాఠము వినదలచిన విద్యార్థికి గందరగోళపు ధ్వనులు వినబడును. ఇక పుటలను ఫోటో తీసి పంపినచో యంత్రమునకు అక్షరమే ఉండదు, బొమ్మ మాత్రమే ఉండును. బొమ్మ నుండి అక్షరములను గుర్తించు ప్రోగ్రాములు ఉన్నవి కాని, మన వత్తుల యొద్ద, గుణింతముల యొద్ద అవి తడబడును. ఎవరో ఒకరు మూలముతో పోల్చి దిద్దవలెను.

పటముల విషయము మరింత కష్టము. భౌతికశాస్త్ర గ్రంథములో కుంభాకార కటకపు కిరణ చిత్రము ఉన్నదనుకొందము. శాస్త్రము తెలియనివాడు దానిని 'మధ్య ఒక ఉబ్బెత్తు ఆకారము, కొన్ని గీతలు, రెండు బాణములు' అని వర్ణించును. తెలిసినవాడు 'ప్రధానాక్షమునకు సమాంతరముగా వచ్చిన కిరణము వక్రీభవనము చెంది అవతలి నాభి గుండా పోవుచున్నది. కటక కేంద్రము గుండా పోవు కిరణము వంగుట లేదు. ఈ రెండును కలియు చోట తలక్రిందులైన ప్రతిబింబము ఏర్పడుచున్నది' అని చెప్పును. మొదటి వర్ణన వలన విద్యార్థికి ఏమియు తెలియదు. రెండవది పాఠమే అగును. అదే పటమును ఉబ్బెత్తు గీతలతో ప్రత్యేకమైన కాగితముపై తయారుచేసి ఇచ్చినచో ఇంకను మంచిది.

చెవి, కాలు, చేయి

వినికిడి తక్కువగువారికి తరగతి గదిలో మొదటి శత్రువు దూరము. అడ్డు లేని చోట ధ్వని తీవ్రత దూరపు వర్గమునకు విలోమానుపాతములో తగ్గును. అధ్యాపకునికి 1 మీటరు దూరమున ఉన్న తీవ్రత 4 మీటర్ల దూరమున పదునారవ వంతు మాత్రమే. పంకాల రొద, వీధి చప్పుడు మాత్రము తగ్గవు. చెవి యంత్రము ఈ రొదను కూడ పెద్దది చేయును. అందుచేత అధ్యాపకుని చొక్కాకు చిన్న మైక్రోఫోను తగిలించి, రేడియో తరంగముల ద్వారా నేరుగా విద్యార్థి చెవి యంత్రమునకు మాట పంపు ఏర్పాటు కలదు. దానిని తగిలించుకొనుట అధ్యాపకుడు మరచినచో ఆ దినపు పాఠము ఆ విద్యార్థికి లేనట్లే.

పూర్తిగా వినలేని వారిలో అనేకులకు సంజ్ఞా భాషయే మాతృభాష వంటిది. అది తెలుగు మాటలకు చేతి గుర్తులు పెట్టుట కాదు. దానికి ప్రత్యేకమైన వ్యాకరణము కలదు. దీని పరిశోధనకు, శిక్షణకు 2015లో భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన శిక్షణ కేంద్రము ఢిల్లీలో ఏర్పడినది. ఉపన్యాసమును సంజ్ఞలలోనికి మార్చు దుబాసీ పని మనస్సును త్వరగా అలయింపజేయును. దీర్ఘమైన తరగతికి ఇరువురు ఉండి, సుమారు 20 నిమిషములకొకసారి మారుట మంచి పద్ధతి.

నడవలేనివారి చక్రాల కుర్చీకి వాలుదారి కావలెను. 1 మీటరు ఎత్తునకు 12 మీటర్ల పొడవు అనునది సాధారణ ప్రమాణము. అనగా 45 సెంటీమీటర్ల అరుగు ఎక్కవలెనన్న 5.4 మీటర్ల వాలు కావలెను. తక్కువ చోటులో నిటారుగా కట్టిన వాలు చూచుటకే గాని ఎక్కుటకు పనికిరాదు.

ఎవరెవరు కావలెను?

పైన చెప్పినదానిని బట్టి ఒక కళాశాలలో కావలసిన మనుషులను ఐదు తెగలుగా విభజింపవచ్చును.

మొదటివాడు సమన్వయకర్త. విద్యార్థి చేరిన దినముననే అతనితో మాటలాడి, ఏమి కావలెనో తెలిసికొని, అధ్యాపకులతోను పరీక్షల విభాగముతోను ఏర్పాటు చేయును. రెండవవాడు పరికరముల శిక్షకుడు. స్క్రీన్ రీడర్‌లో ఏ మీటలు ఎప్పుడు నొక్కవలెనో, పెద్ద గ్రంథములో ఒక అధ్యాయమునకు ఎట్లు పోవలెనో నేర్పును. మూడవవాడు పాఠ్యములను సిద్ధము చేయువాడు. నాలుగవ తెగ దుబాసీలు, నోట్సు వ్రాయువారు, పరీక్షలలో వ్రాతగాండ్రు. ఐదవవాడు మరమ్మతు చేయువాడు. వేసవిలో దుమ్ము రేగు ఈ సీమలో బ్రెయిలీ యంత్రమును శుభ్రపరచుట, కరెంటు పోయినప్పుడు పని చెడకుండ బ్యాటరీలు చూచుట అతని పని.

వీరిలో మూడవవాని పనిని లెక్కవేసి చూతము. 300 పుటల గ్రంథమున ఒక పుటను యంత్రముతో గుర్తింపజేసి దిద్దుటకు 10 నిమిషములు పట్టునని అనుకొనిన, 3000 నిమిషములు, అనగా 50 గంటలు కావలెను. ఒక విద్యార్థికి సంవత్సరమునకు ఆరు గ్రంథములైనచో 300 గంటలు. దినమునకు 8 గంటల చొప్పున అది 37 దినములకు పైగా పట్టు పని. అధ్యాపకుడు తన తరగతులు ముగిసిన తరువాత తీరిక వేళలో ఈ పని చేయవలెనన్నచో పాఠ్యగ్రంథము చేతికి వచ్చుసరికి పరీక్షలు ముగియును. పుస్తకము ఆలస్యముగా వచ్చుట విద్యార్థికి పుస్తకము రాకపోవుటతో సమానము. మనుషులను నియమించు ప్రశ్న ఎంత ముఖ్యమైనదో ఈ చిన్న లెక్క చెప్పుచున్నది.

చట్టములోని ఒక సందు

2016లో చేయబడి 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించినది. ప్రభుత్వ, ప్రభుత్వ సహాయము పొందు ఉన్నత విద్యాసంస్థలలో 40 శాతము, అంతకు పైబడిన వైకల్యము గలవారికి 5 శాతమునకు తగ్గకుండ సీట్లు కేటాయింపవలెనని 32వ సెక్షను చెప్పుచున్నది. విద్యార్థి అవసరమును బట్టి తగిన సౌకర్యము కల్పింపవలెనని 16వ సెక్షను ప్రభుత్వపు నిధులు లేక గుర్తింపు గల విద్యాసంస్థలన్నిటిని ఉద్దేశించి చెప్పినది.

అయితే 17వ సెక్షనును జాగ్రత్తగా చదువవలెను. సహాయక సిబ్బందికి శిక్షణ ఇచ్చుట, వనరుల కేంద్రములు స్థాపించుట అందు పాఠశాల విద్యను ఉద్దేశించి చెప్పబడినవి. పుస్తకములు, పరికరములు ఉచితముగా ఇచ్చు బాధ్యత విద్యార్థికి 18 సంవత్సరములు నిండు వరకే. సాధారణముగా విద్యార్థి డిగ్రీ కళాశాల మెట్లెక్కు వయస్సు అదియే! సీటు ఇచ్చుటకు అంకె ఉన్నది. సీటులో కూర్చున్నవానికి పాఠము అందించు మనుషుల విషయమున అట్టి అంకె లేదు.

విశ్వవిద్యాలయ నిధుల సంఘము పంచవర్ష ప్రణాళికల కాలమున కళాశాలలలో దివ్యాంగులకొరకు సహాయ విభాగములను ప్రోత్సహించినది. వాని బాధ్యతను ప్రిన్సిపాలు నియమించిన ఒక అధ్యాపకుడు చూచుట ఆ పథకపు ఏర్పాటు. అనగా అది ప్రత్యేకమైన ఉద్యోగము కాదు, ఉన్న ఉద్యోగమునకు అదనపు పని. 2017 డిసెంబరు 15న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, దివ్యాంగ విద్యార్థుల నిత్యావసరములను చూచుటకు అధ్యాపకులు, సిబ్బంది, విద్యార్థులు, తల్లిదండ్రులు కూడిన ఒక సంఘమును ప్రతి విద్యాసంస్థలోను ఏర్పరచుటకు గల వీలును పరిశీలింపుమని ఆ నిధుల సంఘమును ఆదేశించినది. పరీక్షల విషయమున 2018 ఆగస్టులో వెలువడిన కేంద్ర ప్రభుత్వపు మార్గదర్శకములు గంటకు 20 నిమిషములకు తగ్గకుండ అదనపు కాలము ఇవ్వవలెనని తెలిపినవి.

ఒక తెలుగు విద్యార్థి పోరాటము

ఈ విషయమున తెలుగువారు మరువరాని పేరు బొల్లా శ్రీకాంత్. కృష్ణా జిల్లా మచిలీపట్నము సమీప గ్రామములో చూపు లేకుండ జన్మించిన ఈయన హైదరాబాదులోని అంధుల పాఠశాలలో చదివి పదవ తరగతిలో మంచి మార్కులు పొందెను. ఇంటర్మీడియట్‌లో గణితము, సైన్సు చదువదలచినప్పుడు, పటములు, గ్రాఫులు ఉన్నందున చూపు లేనివారికి ఆ శాఖలు తగవని నాటి నిబంధనలు అడ్డు వచ్చినవి. ఒక ఉపాధ్యాయుని ప్రోత్సాహముతో న్యాయస్థానమునకు పోయి, సుమారు ఆరు నెలల తరువాత అనుమతి పొందెను. పాఠములను ధ్వనిరూపమున విని చదివి 98 శాతము మార్కులు సాధించెను. పిమ్మట అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చదివి, తిరిగివచ్చి 2012లో హైదరాబాదులో బొల్లాంట్ పరిశ్రమను స్థాపించి, దివ్యాంగులకు ఉద్యోగములు కల్పించెను.

ఆయన ప్రతిభను మెచ్చుకొనుటతో మన పని తీరదు. పటము ఉన్నందున చదువలేడు అని చెప్పినవారు పటమును మార్చి ఇచ్చు మనిషిని గురించి ఆలోచింపలేదు. లోపము విద్యార్థిలో కాదు, ఏర్పాటులో ఉన్నది. ప్రతి విద్యార్థియు న్యాయస్థానము వరకు పోజాలడు. వాన లేని సంవత్సరమున తల్లిదండ్రులు కూలికి బెంగుళూరు వలసపోగా వసతి గృహములో ఉండి చదువుకొను బిడ్డకు ఆరు నెలలు ఆగు ఓపిక ఎక్కడిది? అతడు మౌనముగా చదువు మానివేయును. అతని పేరు ఎవరికిని తెలియదు.

ఇతరులు చేసినది

అమెరికాలో ఇలినాయి విశ్వవిద్యాలయమున 1948లో టిమోతీ నూజెంట్ ఆరంభించిన విభాగము ఈ రంగమున మార్గదర్శి. యుద్ధములో గాయపడి చక్రాల కుర్చీలకు పరిమితమైనవారు అందు చేరి చదివిరి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున 1992లో ఏర్పడిన కేంద్రము దివ్యాంగులైన హైస్కూలు విద్యార్థులను ముందే కంప్యూటరు వాడుకలో తీర్చిదిద్ది కళాశాలకు సిద్ధము చేయు పద్ధతిని చూపెను. మన దేశములో బొంబాయిలోని సెయింట్ జేవియర్స్ కళాశాల 2003లో చూపు లేనివారికొరకు వనరుల కేంద్రమును నెలకొల్పినది. ఈ మూడింటి నుండి తెలియునది ఒక్కటే. ఇట్టి కేంద్రము నిలుచుటకు దానినే తన పనిగా పెట్టుకొన్న మనిషి కావలెను.

పీఠభూమికి తగిన ఏర్పాటు

అనంతపురం సీమకు ఈ పనికి పునాది లేకపోలేదు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ ఇక్కడి పల్లెలలో వికలాంగుల సంఘములను ఏర్పరచి, చూపు లేని, వినికిడి లేని పిల్లలకు ప్రత్యేక పాఠశాలలను నడిపినది. అనంతపురములో 1916 నాటి ప్రభుత్వ కళాశాల, 1981లో ఏర్పడిన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము, సాంకేతిక విశ్వవిద్యాలయము, 2018లో ప్రారంభమైన కేంద్రీయ విశ్వవిద్యాలయము ఉన్నవి. ప్రత్యేక పాఠశాలలో బ్రెయిలీ లేక సంజ్ఞా భాష తెలిసిన గురువు ఉండును. అక్కడినుండి సాధారణ కళాశాలకు వచ్చు విద్యార్థి ఒక్కసారిగా ఒంటరివాడగును. ఈ దూరమునే మనము పూడ్చవలెను.

ఉరవకొండ, కళ్యాణదుర్గం, రాయదుర్గం, కదిరి, మడకశిర వంటి ఊళ్ల కళాశాలలలో ఒక్కొక్కచోట అట్టి విద్యార్థులు కొలదిమందియే ఉందురు. ప్రతి కళాశాలకు ఐదుగురు ఉద్యోగులను నియమించుట సాధ్యము కాదు. కాని పశువైద్యుడు పల్లె పల్లెకు తిరుగునట్లు, ఒక విశ్వవిద్యాలయములో కేంద్రము ఉండి, దాని శిక్షకుడు నిర్ణీత దినములలో కళాశాలలకు పోవచ్చును. పాఠ్యములను ఒక్కచోట సిద్ధము చేసి అందరికి పంపవచ్చును. ఒకసారి దిద్దిన గ్రంథము జిల్లాలోని విద్యార్థులందరికి పనికివచ్చును. ఆ 50 గంటల శ్రమ పదిమందికి పంచబడినచో ఒక్కొక్కరి వంతు 5 గంటలే. 2012లో సవరించిన కాపీరైటు చట్టము దివ్యాంగులకొరకు గ్రంథములను అనుకూల రూపములోనికి మార్చుటను అనుమతించుచున్నది. 2016లో ఆరంభమైన 'సుగమ్య పుస్తకాలయ' అను ఆన్‌లైను గ్రంథాలయమున ఇట్టి గ్రంథములను చేర్చవచ్చును. ప్రతి కళాశాలలో మాత్రము బాధ్యత తెలిసిన అధ్యాపకుడొకడు ఉండి, ఆ పనికి అతని తరగతులలో కొన్నింటిని తగ్గింపవలెను.

శిక్షకుల ఉద్యోగములకు దివ్యాంగులే తగినవారు. స్క్రీన్ రీడర్‌ను దినమంతయు వాడువానికి తెలిసిన కిటుకులు చూపుగలవానికి తెలియవు. ప్రభుత్వోద్యోగములలో వారికి 4 శాతము కేటాయింపు చట్టములోనే ఉన్నది.

ఉపాధ్యాయులకు, విద్యార్థులకు

ఉద్యోగములు వచ్చువరకు చేతులు కట్టుకొని ఉండనక్కరలేదు. ఉపాధ్యాయులు నోట్సును యూనికోడ్ తెలుగులో టైపు చేసినచో సగము చిక్కు విడిపోవును. నల్లబల్లపై వ్రాయుచు 'ఇది దీనికి సమానము' అనుటకు బదులు 'వేగము దూరము భాగించు కాలమునకు సమానము' అని పైకి చదివినచో చూపు లేని విద్యార్థికే కాక వెనుక బల్లలవారికందరికి మేలు. గోడవైపు తిరిగి మాటలాడకుండుటయు ఒక సహాయమే; వినికిడి తక్కువగువారు పెదవులను చూచి గ్రహింతురు. పదవ తరగతి ముగియకముందే దివ్యాంగ విద్యార్థిచేత స్క్రీన్ రీడర్ అలవాటు చేయించినచో కళాశాలలో మొదటి సంవత్సరము వృథా కాదు.

విద్యార్థులు తరగతికి ఒక పాఠము చొప్పున దిద్ది ఇచ్చినను, సంవత్సరాంతమునకు ఒక గ్రంథము తయారగును. దిద్దువానికి కూడ పాఠము వచ్చును. ఇది దానము కాదు, కలిసి చదువుకొనుట. నీటిని కాపాడుకొనుటలో ఈ సీమ ప్రజలు ఎన్నో పాఠములు నేర్చిరి. పరికరమును కొని బీరువాలో తాళము వేయక, దానిని నడుపు మనిషిని సంపాదించుకొనుటయు అట్టి పాఠమే. కాలువ తెగిన చోట గట్టు వేయువాడొకడున్నచో నీరు చివరి మడికి చేరును. చదువును అంతే.